ఇంజన్ ఆయుష్షు సీసాలో లేదు

ఊడ్పుల రోజులు. కాలువ చివరి ఊళ్ళకు నీళ్ళు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి, ఒక్కోసారి రానే రావు. అప్పుడు కృష్ణా డెల్టా శివారు రైతుకు దిక్కు మురుగు కాలువా, దాని గట్టు మీద పెట్టుకున్న ఆయిల్ ఇంజనూ. అలాంటి ఒక గట్టు మీద ఒక సార్వాలో మేము ఒక పూట గడపవలసి వచ్చింది. ఇంజన్ ఆగిపోయింది. నారు పీకి కట్టలు కట్టి ఉంది. పదిహేనుమంది ఆడకూలీలు ఎండలో గట్టు మీద కూచున్నారు. నీళ్ళు లేనిదే ఊడ్పు లేదు, ఊడ్పు లేనిదే కూలి లేదు.

ఇంజన్ కౌలు రైతుది కాదు, అద్దెకు తెచ్చినది. దాన్ని నడిపే కుర్రవాడు ఇంజన్ యజమాని దగ్గర నెల జీతగాడు. కబురు అంది యజమాని మోటారు సైకిల్ మీద వచ్చాడు. వస్తూనే, "డీజిల్లో ఆ సీసా మందు పోశావా లేదా?" అని గద్దించాడు.

"పోశానండి. మీరు చెప్పినట్టే మూతెడు పోశానండి."

"పోస్తే ఎందుకాగింది? నువ్వు పోసుండవు. రిపేరు ఖర్చు నీ జీతంలోంచే!"

ఇది ఆ ఒక్క గట్టు మీది మాట కాదు. ట్రాక్టరు డ్రైవరును, వరికోత మిషను నడిపే మనిషిని, ఆయిల్ ఇంజన్ దగ్గర కాపలా పడుకునే కూలీని అడగండి. ఇంజన్ బాగా నడిస్తే సీసా గొప్పతనం. ఆగితే కూలివాడి తప్పు. అందుకే ఈ సీసా సంగతేమిటో మనం విప్పి చూడవలసిన అవసరం వచ్చింది.

సీసాలో ఏముంది?

స్పేరు పార్టుల కొట్లలోనూ, కొన్ని బంకుల్లోనూ వరసగా పేర్చి ఉంటాయివి. డీజిల్లో కలిపితే మైలేజీ పెరుగుతుందట, పొగ తగ్గుతుందట, ఇంజన్ రెండింతలు మన్నుతుందట. ఇవన్నీ వట్టి నీళ్ళేనా అంటే, కాదు. నిజం చెప్పుకోవాలి. డీజిల్లో కలిపే మందులు అనేవి ఉన్నాయి, వాటికి పనీ ఉంది. అయితే ఆ పని ఎక్కడ జరగాలి, ఎవరు చేయాలి అన్నదే అసలు ప్రశ్న.

డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికి, నాజిల్ చిమ్మిన డీజిల్ తనంత తానే అంటుకుంటుంది. అలా చిమ్మడానికి పెద్ద ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడి పుట్టించే పంపులో ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య సందు మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అంత ఇరుకులో ఇనుమూ ఇనుమూ రాసుకుంటుంటే, చాలా పంపుల్లో వాటికి కందెన వేరే ఏదీ లేదు. డీజిలే కందెన. డీజిల్లో జిడ్డు గుణం తగ్గితే పంపు అరుగుతుంది, నాజిల్ చెడుతుంది.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. పొగలో విషం తగ్గాలంటే డీజిల్లో గంధకం తగ్గాలి. మన దేశంలో 2000 సంవత్సరపు ప్రమాణం ప్రకారం పది లక్షల పాళ్ళ డీజిల్లో 2,500 పాళ్ళ దాకా గంధకం ఉండవచ్చు. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా 50 పాళ్ళే ఉండాలన్నారు. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 వచ్చి దాన్ని 10కి దించింది. ఊపిరి పీల్చే ప్రతివాడికీ, ముఖ్యంగా ఇంజన్ పక్కనే రోజంతా నిలబడే కూలివాడికీ ఇది మేలు. కాని రిఫైనరీలో గంధకాన్ని హైడ్రోజన్‌తో తీసేసేటప్పుడు డీజిల్లో సహజంగా ఉండే జిడ్డు పదార్థాలు కూడా దానితోపాటే పోతాయి. స్వీడన్‌లో 1991లో గంధకం బాగా తగ్గించిన డీజిల్ వచ్చాక పంపులు అరిగిపోయాయి. అప్పటి నుంచే జిడ్డు గుణం ఇచ్చే మందును రిఫైనరీలోనే కలపడం మొదలయింది.

మన దేశంలోనూ అంతే. డీజిల్ ఎలా ఉండాలో చెప్పే భారత ప్రమాణం 1460లో దీనికో పరీక్ష ఉంది. డీజిల్లో ముంచి ఒక ఉక్కు గుండును ఉక్కు పలక మీద రుద్దుతారు. గుండు మీద పడే అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అలాగే డీజిల్ తేలికగా అంటుకునే గుణాన్ని చెప్పే సీటేను అంకె 51కి తగ్గకూడదు. ఈ రెండూ కుదరడానికి అవసరమైన మందు కలపవలసింది నూనె కంపెనీ. లడఖ్ చలికి డీజిల్ పేరుకుపోతుంటే, మైనస్ 33 డిగ్రీల దాకా పేరుకోని డీజిలును 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థే తయారు చేసి పంపింది. మందు కలిపే చోటు రిఫైనరీ గాని చేనుగట్టు కాదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కాబట్టి లెక్క సులువు. బంకులో మనం కొనే డీజిల్ ప్రమాణానికి తగ్గట్టు ఉంటే, కందెన మందుకు మనం ఒకసారి డబ్బు కట్టేసినట్టే. సీసా కొంటే రెండోసారి కడుతున్నాం. డీజిల్ ప్రమాణానికి తగ్గట్టు లేకపోతే తప్పు అమ్మినవాడిది. అతని తప్పుకు మనం సీసా కొని ప్రాయశ్చిత్తం చేసుకోవడం దేనికి?

సీసా చేయలేని పనులు

నాజిల్ మొన మీద కొద్దిగా మసి పట్టిందనుకోండి, కడిగే గుణమున్న మందు దాన్ని కొంత వదిలించవచ్చు. అంతవరకే. అరిగిన రింగులు మందుతో తిరిగి మొలవవు. గీతలు పడ్డ లైనరు నునుపెక్కదు. నీలిపొగ వస్తోందంటే ఇంజనాయిలు మండుతోందన్న మాట, రింగులు చూపించుకోవాలి. నల్లపొగ వస్తోందంటే గాలి చాలకనో, బరువు మించో, నాజిల్ చెడో డీజిల్ పూర్తిగా మండడం లేదన్న మాట. పొగ జబ్బు కాదు, జబ్బు గురుతు. గురుతుకు మందు పోసి జబ్బును వదిలేస్తే ఏమవుతుందో ఆర్ఎంపీ డాక్టరును అడిగినా చెబుతాడు.

ఇక నాటు వైద్యాలు కొన్ని ఉన్నాయి. కొందరు టూటీ ఆయిలు కలుపుతారు, కొందరు కాలిన ఇంజనాయిలు వడగట్టి పోస్తారు. కాలిన నూనెలో అరిగిన ఇనుప రజను, మసి ఉంటాయి. అది పంపును కాపాడదు, గీకుతుంది. పొగను వడగట్టే సామాను ఉన్న కొత్త బండ్లలో అయితే ఇంజనాయిలు బూడిద ఆ సామానునే మూసేస్తుంది. కిరోసిన్ కలిపితే ఖర్చు కలిసొస్తుందనేవారూ ఉన్నారు. కిరోసిన్ పల్చన, డీజిలంత జిడ్డు దానికి లేదు. పది రూపాయలు మిగిల్చి పంపును మింగుతుంది. కానుగ వంటి నూనెల నుంచి పద్ధతి ప్రకారం తయారైన బయోడీజిల్ ఒకటి రెండు పాళ్ళు కలిస్తే జిడ్డు గుణం పెరిగే మాట వాస్తవమే. అలాగని గానుగలోంచి తెచ్చిన పచ్చి నూనె పోస్తే నాజిల్ మూసుకుపోతుంది.

కల్తీకి బలైనవారు

ఇంజన్ ఆయుష్షు తినే పెద్ద పురుగు కల్తీ. రేషను కిరోసిన్ చౌకగా ఉన్న రోజుల్లో దాన్ని దారి మళ్ళించి డీజిల్లో కలిపి కోట్లు గడించిన ముఠాలు ఉండేవి. ఉత్తరప్రదేశ్ లఖింపూర్ ఖేరీ జిల్లాలో కల్తీ బంకును పట్టుకున్న ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్ షణ్ముగంను 2005 నవంబరులో కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్ళు. మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర నూనె దొంగలను అడ్డగించిన మాలేగావ్ అదనపు కలెక్టరు యశ్వంత్ సోనావణేను 2011 జనవరి 25న, గణతంత్ర దినానికి ముందు రోజు, సజీవంగా తగలబెట్టారు. వాళ్ళు కాపాడబోయింది ఎవరి సొమ్ము? లారీ డ్రైవరు పంపును, చిన్నరైతు ఇంజనును కూడా కాదా?

చౌక కిరోసిన్ రోజులు పోయాయి గాని కల్తీ పోలేదు. రోడ్ల పక్కన ట్యాంకర్లలో 'బయోడీజిల్' అని పేరు పెట్టి ఏవో పారిశ్రామిక నూనెలు తక్కువ ధరకు అమ్మేవారు బయలుదేరారు. చౌక నూనెకు రైతు ఎందుకు ఆశపడతాడు? 2014 మే నాటికి లీటరు డీజిల్ మీద కేంద్ర ఎక్సైజు సుంకం 3 రూపాయల 56 పైసలు. 2020 మే నాటికి అది 31 రూపాయల 83 పైసలయింది. తర్వాత 2021 నవంబరులో 10 రూపాయలు, 2022 మేలో మరో 6 రూపాయలు తగ్గించారు. తగ్గించాక కూడా పాత సుంకానికి నాలుగింతల పైమాటే. ఇందులో రోడ్ల సెస్సు ఉంది. జన్మలో రోడ్డెక్కని ఆయిల్ ఇంజన్ కూడా రోడ్ల సెస్సు కడుతున్నదన్న మాట! ఒక చేత్తో ధర పెంచి, ఇంకో చేత్తో పొదుపు సీసా చూపిస్తే రైతు పడక ఏం చేస్తాడు?

ఖర్చు లేని వైద్యం

ఇంజన్ మన్నాలంటే మూడు శుభ్రంగా ఉండాలి: డీజిల్, గాలి, ఇంజనాయిలు. ఇందులో పెద్ద చదువేమీ లేదు.

డీజిల్ తెచ్చిన డబ్బాను కదపకుండా ఒక రోజు ఉంచి, పైనుంచి వంచుకోవాలి. అడుగు తేటను పోయకూడదు. తుప్పు డ్రమ్ము పనికిరాదు. జింకు పూత పూసిన డబ్బా కూడా వద్దు, ఆ పూత డీజిల్లో కరిగి నాజిల్‌కు చేటు చేస్తుంది. సాయంత్రం పని దిగేటప్పుడే ట్యాంకు నింపితే రాత్రి చలికి లోపల చెమ్మ పట్టదు. పొద్దున ఇంజన్ తిప్పే ముందు ఫిల్టరు గిన్నెలో దిగిన నీళ్ళు వదిలేయాలి. ఎలిమెంటు గడువు ప్రకారం మార్చాలి. డబ్బులు లేవని దాన్ని పెట్రోలుతో కడిగి మళ్ళీ పెట్టకూడదు.

లీటరు డీజిల్ మండాలంటే ఇంజన్ పదివేల లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. కోతల్లో, దుక్కుల్లో ఆ గాలినిండా దుమ్మే. దుమ్ము లోపలికి పోతే రింగులకూ లైనరుకూ ఆకురాయి పెట్టినట్టే. ఎయిర్ క్లీనర్ గిన్నెలో నూనె చిక్కబడితే కడిగి కొత్త నూనె పోయాలి, దుమ్ము రోజుల్లో ప్రతిరోజూ చూడాలి. ఇంజనాయిలు గంటల లెక్కన మార్చాలి, కంపెనీ పుస్తకంలో ఎన్ని గంటలని ఉంటే అన్ని. నీళ్ళ ఇంజనును ఎప్పుడూ చల్లగా ఉంచడమూ తప్పే. చల్లటి ఇంజన్లో డీజిల్ సరిగా మండక కిందికి జారి ఇంజనాయిలును పల్చన చేస్తుంది.

బంకులో మన హక్కులు కూడా తెలుసుకోవాలి. కొలత మీద అనుమానముంటే 5 లీటర్ల కొలపాత్రలో పోసి చూపమనవచ్చు. నాణ్యత మీద అనుమానముంటే సాంద్రత చూపమనవచ్చు. ట్యాంకరుతో వచ్చిన చీటీ అంకెకూ, బంకులో తేలిన అంకెకూ ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉంటే ఆ సరుకు అనుమానించవలసిందే. ఒక్కడే అడిగితే కసురుతారు. పదిమంది కలిసి వెళితే కుర్చీ వేసి చూపిస్తారు. రసీదు మాత్రం ప్రతిసారీ తీసుకోవాలి.

ఇంజన్ నడిపే కూలి మిత్రులకు ఇంకో మాట. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ రోజు ఎంత డీజిల్ ఎక్కడిది పోశారో, నూనె ఎప్పుడు మార్చారో, ఫిల్టరు మార్చాలని యజమానికి ఎప్పుడు చెప్పారో రాయండి. రాయడం రాకపోతే బడికెళ్ళే పిల్లల చేత రాయించండి. కల్తీ డీజిలుకూ, మార్చని ఫిల్టరుకూ నడిపేవాడి జీతం కోయడానికి వీల్లేదని ఊరి సంఘం తీర్మానం చేయాలి. ఇంజన్ చెడి పని ఆగితే వచ్చిన కూలీలకు ఏమివ్వాలో కూడా ముందే తేల్చుకోవాలి.

మళ్ళీ ఆ గట్టు మీదికి వద్దాం. మధ్యాహ్నానికి మెకానిక్కు వచ్చాడు. సీసా వంక చూడను కూడా చూడలేదు. ఫిల్టరు గిన్నె విప్పి అరచేతిలోకి వంచాడు. ఎర్రటి తుప్పు నీళ్ళు. "డీజిల్ ఎందులోంచి తెచ్చారండీ?" అన్నాడు. యజమాని ఇంటి వెనక పాత డ్రమ్ములోంచి. "నీళ్ళకీ తుప్పుకీ మందు లేదండీ, డ్రమ్ము మార్చుకోవాల," అన్నాడు.

గట్టు మీద కూచున్న ఒక పెద్దావిడ లేచి, "చూశాం గదండీ అందరం. పిల్లోడి జీతం ముట్టుకోకండి. మా సగం పూట కూలి సంగతి కూడా చెప్పండి," అంది. యజమాని గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. జీతం కోయలేదు. సగం పూట కూలి ఆ రోజు సాయంత్రమే ముట్టింది. ఆ మెకానిక్కు అరచేతిలో నీళ్ళు పదిహేనుమంది చూశారు గనుక ముట్టింది. లోపం ఎక్కడుందో విప్పి నలుగురికీ చూపించడమే ఇంజనుకైనా, మనిషి కూలికైనా రక్ష.