మూడుసార్లు అడిగి చూడండి

అన్నయ్యతో మాటలు మానేసి ఎన్నేళ్లయింది? గొడవ ఎలా మొదలైందో గుర్తు లేకపోయినా, ఆ రోజు పడ్డ మాట మాత్రం గుర్తుండిపోతుంది. తలచుకున్నప్పుడల్లా గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, ఆ రాత్రి నిద్ర పట్టదు. ‘పోనీలే, క్షమించెయ్’ అని అందరూ అంటారు గానీ, ఎలాగో చెప్పరు. యూదుల సంప్రదాయం చెప్పింది.

వారి కొత్త సంవత్సరం మొదలైన పదో రోజు యోమ్ కిప్పూర్. సెప్టెంబరులోనో అక్టోబరులోనో వస్తుంది. సుమారు 25 గంటలు మంచినీళ్లయినా ముట్టకుండా ఉపవాసం ఉండి, దేవుణ్ని క్షమాపణ వేడుకుంటారు. అయితే వారి ప్రాచీన ధర్మగ్రంథం ‘మిష్నా’ ఇక్కడో మెలిక పెట్టింది. సాటి మనిషికి చేసిన తప్పు, ఆ మనిషిని సమాధానపరిచేదాకా ఈ ఉపవాసంతో పోదు. అందుకే పండగకు ముందు చాలామంది అయినవాళ్ల దగ్గరికి వెళ్లి క్షమించమని అడుగుతారు.

వాళ్లు ఒప్పుకోకపోతే? 12వ శతాబ్దంలో యూదు ధర్మాలను క్రోడీకరించిన మైమోనిడెస్ దీనికి పద్ధతి చెప్పారు. ఈజిప్టు ఆస్థానంలో వైద్యుడు కూడా ఆయన. బాకీ పడ్డ డబ్బు తిరిగి ఇచ్చేసినా సరే, వెళ్లి క్షమాపణ అడగాల్సిందేనన్నారు. (వాటా లెక్క తేల్చేశాం, ఇంకేం కావాలట అనేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి.) కరగకపోతే అవతలివారి స్నేహితులను ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అలా రెండోసారి, మూడోసారి. అప్పటికీ కాదంటే వదిలేయవచ్చు, ఇక తప్పు క్షమించనివారిదే. అలిగినది గురువైతే మాత్రం వెయ్యిసార్లయినా వెళ్లాలట!

ఆ మూడు అన్న లెక్క నాకు నచ్చింది. జీవితాంతం కుమిలిపోకుండా అపరాధభావానికి ఒక హద్దు గీసింది.

మీరూ ఫోన్ చేయాలనుకుంటే ‘నువ్వలా అన్నావు కాబట్టే నేనిలా...’ అని మొదలుపెట్టకండి. మీ తప్పేమిటో అదొక్కటే చెప్పండి. బాధపడింది మీరైతే, క్షమించడమంటే కొట్టే చేతి కిందకు మళ్లీ వెళ్లడం కాదు. అదే సందర్భం మళ్లీ ఎదురైనా, చేయగలిగి కూడా ఆ తప్పు చేయకపోతేనే అసలైన పశ్చాత్తాపం అన్నారు మైమోనిడెస్. అది తేలడానికి సమయం పడుతుంది, తీసుకోండి.

అడిగేలోపే అవతలివారు కన్నుమూస్తే? దానికీ ఆయన దగ్గర జవాబుంది. పదిమందిని సమాధి దగ్గరికి తీసుకెళ్లి, వారి ముందు తప్పు ఒప్పుకోవాలి. డబ్బు బాకీ ఉంటే వారసులకు చెల్లించాలి.