132 టన్నుల ఇసోల్ట్

మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న కణాల గుంపు ఉంది. పొడవు ఒకటిన్నర సెంటీమీటరు, మందం రెండు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. మనం మెలకువగా ఉండాలన్నా, చప్పుడు వినగానే అటు తిరగాలన్నా ఇది పనిచేయాలి. అల్జీమర్స్ తొలి ఆనవాళ్లు కనిపించే చోట్లలో ఇదొకటి. మన ఆస్పత్రుల్లోని 1.5 లేదా 3 టెస్లాల అయస్కాంత బలం ఉన్న ఎమ్మారైలు మెదడును మహా అయితే మిల్లీమీటరు గడులుగా చూపిస్తాయి. ఆ లెక్కన దీని మందానికి దక్కేవి రెండే గడులు. దాని అంచు ఎక్కడుందో తేల్చడానికి కూడా అవి చాలవు.

గడిని చిన్నది చేస్తే పోలేదా అంటే, చిక్కంతా అక్కడే ఉంది. ఎమ్మారై పట్టుకునేది నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాన్ని. గడి భుజం సగమైతే అందులోని నీరు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, సంకేతమూ అంతే. పదే పదే కొలిచి ఆ లోటు పూడ్చాలంటే 64 రెట్ల సమయం కావాలి. ఐదు నిమిషాల స్కాన్ ఐదు గంటలు దాటుతుంది. అంతసేపు తల కదపకుండా పడుకోవడం ఎవరి తరం? అందుకే సంకేతం పెరగాలంటే అయస్కాంతం బలమే పెంచాలి.

పారిస్ దగ్గర సాక్లేలో ఉన్న న్యూరోస్పిన్ కేంద్రం ఈ పనికి పూనుకుంది. దాని స్థాపకుడు దెనీ ల బియాన్. అక్కడి యంత్రం పేరు ఇసోల్ట్. బరువు 132 టన్నులు, బలం 11.7 టెస్లాలు. భూమి అయస్కాంత క్షేత్రానికి ఇది రెండు లక్షల రెట్లకు పైమాటే. లోపల చుట్టిన తీగ 182 కిలోమీటర్లు.

ఆ తీగ నియోబియం-టైటానియం మిశ్రలోహం. ఆస్పత్రి యంత్రాల్లోనూ అదే వాడతారు, మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో ముంచి. కానీ 11.7 టెస్లాల దగ్గర ఆ చలి చాలదు, నిరోధం లేకుండా విద్యుత్తును మోసే అతివాహక గుణాన్ని తీగ కోల్పోతుంది. దాంతో 7,500 లీటర్ల హీలియాన్ని మైనస్ 271.35కి దించారు. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఆ రెండున్నర డిగ్రీల తేడాయే.

అయస్కాంతం 2017లో సాక్లే చేరింది, 2019 జులైలో పూర్తి బలం అందుకుంది. 2021లో దాని ముందుకు వచ్చిన మొదటి తల మనిషిది కాదు, గుమ్మడికాయ! గుజ్జు, పీచు, గింజలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండే ఆ కాయ, చిత్రం ఎంత స్పష్టంగా వస్తుందో పరీక్షించడానికి చక్కగా సరిపోయింది.

మనిషి తలతో మరో ఇబ్బంది ఉంది. ఇంత క్షేత్రంలో కేంద్రకాలను కదిలించేందుకు 500 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలు పంపాలి. మెదడులోకి వెళ్లేసరికి వాటి పొడవు తల కన్నా చిన్నదవుతుంది. ఒకదానితో ఒకటి కలిసి కొన్నిచోట్ల బలపడతాయి, కొన్నిచోట్ల చెల్లిపోతాయి. బొమ్మలో కొంత మెరిసి, కణతల వైపు భాగాలు, చిన్నమెదడు చీకటవుతాయి. అందుకని తల చుట్టూ పలు యాంటెన్నాలు పెట్టి, ఒక్కోదాని తరంగాన్ని విడివిడిగా సవరించి వెలుగు సమంగా పరిచారు.

2024లో ఫలితాలు వెలువడ్డాయి. 20 మంది ఆరోగ్యవంతులైన వలంటీర్లు యంత్రంలో పడుకున్నారు. వారి సమతూకం, రక్తపోటు, డీఎన్‌ఏ పరీక్షించినా హాని ఏదీ బయటపడలేదు. మిల్లీమీటరు మందపు పొరలో 0.2 మిల్లీమీటర్ల చుక్కలు, అదీ కేవలం 4 నిమిషాల్లో! అలాంటి ఒక్కో చుక్కలో ఉండేవి కొన్ని వేల నాడీకణాలు మాత్రమే.

నీటిని చూడటంతోనే దీని పని అయిపోలేదు. బైపోలార్ రోగులు ఏళ్ల తరబడి లిథియం మాత్రలు మింగుతారు. ఆ లిథియం మెదడులో ఏయే చోట్ల చేరుతుందో చూడాలంటే దాని బలహీనమైన సంకేతాన్ని పట్టే అయస్కాంతం కావాలి. న్యూరోస్పిన్ పరిశోధకులు ఇసోల్ట్‌కు అప్పగించాలనుకున్న పనుల్లో అదొకటి.