రిపోర్టుల్లో కనిపించని నొప్పి

మా ఆపా కుట్టుపని చేసేవారు. పండగ దగ్గరపడితే రాత్రి పన్నెండు దాకా మిషన్ ఆగేది కాదు. నలభై ఏళ్లు దాటాక క్రమంగా పని తగ్గింది. చివరికి ఒకరోజు మిషన్ మీద దుప్పటి కప్పేశారు. మెడ, భుజాలు, నడుము, తొడలు అన్నీ నొప్పులే. రాత్రంతా పడుకున్నా, పొద్దున బస్తాలు మోసి వచ్చిన మనిషిలా లేచేవారు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు చేయించాం. అన్నీ నార్మల్. "ఏమీ లేదంటున్నారుగా, మరి పనెందుకు చేయరు?" అని ఇంట్లో మేమే అన్నాం. నొప్పి కన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టిందని ఆపా తర్వాత చెప్పారు.

చివరికి కీళ్లవ్యాధుల డాక్టరు దగ్గర ఆ జబ్బు పేరు తెలిసింది: ఫైబ్రోమయాల్జియా. ఇందులో కీళ్లు అరిగిపోవు, వంకర పోవు. తేడా అంతా నొప్పిని మెదడుకు తెలియజేసే నాడీ వ్యవస్థలో ఉంటుంది. బడిలో పిల్లలకు చెప్పే పోలికతో చెప్పాలంటే, మైకు సౌండ్ బాగా పెంచితే గుసగుస కూడా కేకలా వినిపిస్తుంది. అలాగే వీరికి చిన్న ఒత్తిడి కూడా పెద్ద నొప్పిగా తెలుస్తుంది. ఆ నొప్పి నటన కాదు, నిజమైనదే. ఆడవారిలో ఎక్కువగా గుర్తిస్తున్నా, మగవారికీ వస్తుంది.

దీన్ని నిర్ధారించే రక్తపరీక్ష లేదు. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఒక పద్ధతి పెట్టింది. ఒంట్లో 18 చోట్ల నొక్కి చూసి, కనీసం 11 చోట్ల నొప్పి ఉందా అని లెక్కించేవారు. 2010లో ఇచ్చిన కొత్త పద్ధతిలో ఆ లెక్క లేదు. మూడు నెలలుగా ఒంట్లో చాలా చోట్ల నొప్పి ఉందా, నిద్ర లేచినా అలసట తీరడం లేదా, మతిమరుపు ఉందా అని అడుగుతారు. రక్తపరీక్షలు థైరాయిడ్, కీళ్లవాతం లాంటివి ఉన్నాయేమో చూడటానికే. కాబట్టి రిపోర్టు నార్మల్ అంటే మనిషికి ఏ జబ్బూ లేదని కాదు.

2017లో యూరప్ రుమటాలజీ నిపుణుల సంఘం అన్ని చికిత్సలనూ పరిశీలించి, అన్నిటికన్నా గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామాన్నే. ఆపా మొదట ఇంటి ముందు సందులో ఐదు నిమిషాలు నడిచారు. వారం వారం కాస్త పెంచుకుంటూ, కొన్ని నెలలకు అరగంటకు వచ్చారు. ఇదివరకు కాస్త బాగున్న రోజున ఇంటి పనంతా చేసేసి, తర్వాత మూడు రోజులు మంచం పట్టేవారు. ఇప్పుడు బాగున్నా, బాగోకపోయినా పనిని ముక్కలుగా చేస్తారు. ఇరవై నిమిషాలు కుట్టి లేస్తారు, కాసేపు నడిచి మళ్లీ కూర్చుంటారు. సాయంత్రం టీ మానేశారు. రోజూ ఒకే వేళకు పడుకుంటారు. నొప్పి ఎక్కువైన రోజు వేడినీళ్ల స్నానం, కుర్చీలో నమాజు.

మందులూ ఉన్నాయి. ఎమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రీగాబలిన్ లాంటివి కొందరికి కొంత ఉపశమనం ఇస్తాయి. డాక్టరు చెప్తేనే వాడాలి, సొంతంగా ఆపకూడదు. మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్లలు, స్టెరాయిడ్లు మింగడం వల్ల ఈ జబ్బుకు పెద్దగా మేలు లేదు, కిడ్నీలకూ ఎముకలకూ కీడు జరగవచ్చు.

ఆపాకు నొప్పి పూర్తిగా పోలేదు. అయితే మిషన్‌కు మోటారు బిగించాక కాళ్లతో తొక్కే శ్రమ తప్పింది. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు మిషన్ చప్పుడు మా ఇంట్లో వినిపిస్తోంది.

దాతలకు మా మనవి ఒక్కటే. సాయంగా ఇచ్చిన కుట్టు మిషన్ ఎవరింట్లోనైనా మూలన పడి ఉంటే, బద్ధకమని వెంటనే అనుకోకండి. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లుగా ఉంది, నిద్ర పడుతోందా అని అడగండి. అవసరమైతే ఒక మోటారు, వీపుకు ఆనుకునే కుర్చీ, డాక్టరు దగ్గరికి వెళ్లే బస్సు ఛార్జీ ఇప్పించండి. మా ఇంట్లో మేము ఆలస్యంగా అడిగిన ప్రశ్నలు మీరు ముందే అడిగితే, ఇంకో అక్క త్వరగా కోలుకుంటుంది.