సూక్ష్మజీవికి తిండి ఎవరు పెట్టాలి?

ఎలక్ట్రిక్ కారు మోటారులోని అయస్కాంతానికి నియోడిమియం కావాలి. రేర్ ఎర్త్ కుటుంబంలోని 17 మూలకాల్లో అదొకటి. పేరుకి ‘రేర్’ కానీ, మన భీమిలి ఇసుకలో దొరికే మోనజైట్ ఖనిజంలోనూ ఇవి ఉన్నాయి. చిక్కంతా బయటికి తీయడంలోనే. ఘాటైన ఆమ్లాలకు బదులు ఆ పని బాక్టీరియా చేత చేయిస్తే గిట్టుబాటవుతుందా?

రాగి విషయంలో ఎప్పటినుంచో అవుతోంది. రాగి సల్ఫైడ్ ఖనిజంలోని ఇనుము, గంధకాలే ఆ బాక్టీరియాకు ఆహారం. మోనజైట్ ఫాస్ఫేట్ ఖనిజం. అందులో వాటికి శక్తినిచ్చేది ఏమీ లేదు. ఇక ఇల్లరికపు అల్లుణ్ణి మేపినట్టు మనమే మేపాలి.

ఆ మేత ఖర్చెంతో 2018లో అమెరికాలోని ఐడహో నేషనల్ లాబొరేటరీ, పర్డ్యూ యూనివర్సిటీ పరిశోధకులు లెక్క కట్టారు. ఖనిజానికి బదులు, చమురు రిఫైనరీలు వాడి పారేసే కెటలిస్టును తీసుకున్నారు. గ్లూకోనోబాక్టర్ అనే బాక్టీరియా గ్లూకోజుని గ్లూకోనిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం కెటలిస్టులోని రేర్ ఎర్త్‌లలో 49 శాతాన్ని కరిగించింది. ఖర్చులో 44 శాతం ఒక్క గ్లూకోజుకే! మన భాషలో చెప్పాలంటే సాఫ్ట్‌వేర్ ఉచితం, కరెంటు బిల్లే మోత. అందుకే 2019లో మొక్కజొన్న చొప్ప, బంగాళాదుంపల ఫ్యాక్టరీ మురుగునీరు కూడా మేతగా పెట్టి చూశారు.

మేత చవకైనా, వచ్చే సరుకేమిటన్నది ఇంకో ప్రశ్న. ఆ కెటలిస్టులో ఉండేవి ముఖ్యంగా లాంథనం, సీరియం. ఈ కుటుంబంలో అతి చవకైనవి అవే. పోనీ నియోడిమియమే తీద్దామంటే దాని ధర నిలకడగా ఉండదు. 2011లో ఆకాశానికంటిన ధరలు తర్వాత కూలిపోయాయి. కాలిఫోర్నియా గని నడిపిన మోలికార్ప్ 2015లో దివాలా తీసింది. 2025 జులైలో అదే గని ఇప్పటి యజమాని ఎంపీ మెటీరియల్స్‌కు అమెరికా రక్షణశాఖ నియోడిమియం-ప్రాసియోడిమియంపై కిలోకు 110 డాలర్ల కనీస ధర హామీ ఇచ్చింది. అప్పటి మార్కెట్ ధర అందులో దాదాపు సగమే.

అసలు, కరిగించడం సగం పనే. ఈ మూలకాలు కవల పిల్లల్లాంటివి; ఒకదాన్నుంచి ఒకటి విడదీయడానికి ద్రావకాలతో వందల అంచెలు కావాలి. బాక్టీరియాల్లోనే ఉండే లాన్‌మాడ్యులిన్ అనే ప్రొటీన్ వీటిని ఎంచి పట్టుకుంటుందని 2018లో పెన్ స్టేట్‌లో కనుక్కున్నారు. అలాంటిదే మరో బాక్టీరియా ప్రొటీన్‌తో 2023లో నియోడిమియం, డిస్ప్రోసియంలను ఒకే అంచెలో వేరుచేశారు.

ముందు గిట్టుబాటయ్యేది ఈ ప్రొటీనేనని నా అంచనా. దీన్ని తయారుచేసే బాక్టీరియాకీ తిండి పెట్టాల్సిందే. కాకపోతే ఒకసారి తయారైన ప్రొటీన్‌ని సన్నటి పూసలకు అతికించి మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు.