పడక ప్రక్కన శరీరధర్మశాస్త్రం

తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగిన తరువాత, నడకను తిరిగి అలవరచుకోవడం కోసం మా నాన్నగారు కొన్ని వారాలు ఒక నర్సింగ్ హోములో ఉండవలసి వచ్చింది. నేను ప్రతి సాయంత్రం ప్రయోగశాల నుండి నేరుగా అక్కడికి వెళ్ళి, ఆనాటి ఉష్ణోగ్రత ఎంత, రక్తపోటు ఎంత అని నర్సును అడిగి, అంకెలు సక్రమంగానే ఉన్నవని తృప్తిపడి ఇంటికి వచ్చేదానిని. ఒకనాడు ఆయన నన్ను రెండుసార్లు మా మేనత్త పేరుతో పిలిచారు. ఎనభై ఏళ్ళ వయస్సు, పైగా కొత్త చోటు. ఆ మాత్రం చాదస్తం సహజమేనని సరిపెట్టుకున్నాను. ఆనాటి ఉష్ణోగ్రత 99.4 డిగ్రీల ఫారన్‌హీట్. అది జ్వరం కాదని నేనే తేల్చివేశాను.

ఆయనకు రోజూ స్నానం చేయించే నర్సింగ్ అసిస్టెంటు మాత్రం అలా అనుకోలేదు. ఆమె నర్సును పిలిచి మూడు సంగతులు చెప్పింది. ఈయనకు మామూలుగా ఉండే ఉష్ణోగ్రత 97.2 మాత్రమే. నిన్నటి నుండి మూత్రం సగానికి తగ్గి, రంగు ముదిరింది. నిన్నటిదాకా తన పేరు గుర్తుంచుకున్న మనిషి ఈవేళ తానెవరని అడిగారు. ఆ రాత్రే పరీక్షలు జరిగినవి. ఒంట్లో నీరు తగ్గిపోయి, మూత్రనాళంలో సూక్ష్మజీవుల వ్యాధి సోకినట్లు తేలింది. కారణం తరువాత తెలిసింది. మరుగుదొడ్డికి తీసుకువెళ్ళమని పరాయి స్త్రీలను అడగడానికి మొహమాటపడి, కన్నకూతురికి చెప్పడానికి అంతకంటె సిగ్గుపడి, ఆయన మంచినీళ్ళు త్రాగడమే తగ్గించుకున్నారు.

డాక్టరేటు పట్టా ఉన్న నాకు కనిపించనిది ఆమెకు ఎలా కనిపించింది? ఈ ప్రశ్నే నాచేత నర్సింగ్ అసిస్టెంట్ల పాఠాలను శ్రద్ధగా చదివించింది. నేను రసాయనశాస్త్రజ్ఞురాలినే కాని వైద్యురాలిని కాను. అయినా, వృద్ధులైన తల్లిదండ్రులు ఉన్న ప్రతి ఇంటివారూ ఈ పాఠాల సారాన్ని తెలుసుకోవాలన్న కోరికతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

డెబ్బైయైదు గంటల చదువు

1987లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టాన్ని అనుసరించి, మెడికేర్, మెడికెయిడ్ నిధులు పొందే నర్సింగ్ హోములలో పనిచేసే నర్సింగ్ అసిస్టెంట్లు కనీసం 75 గంటల శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గాలి. అందులో 16 గంటలకు తక్కువ కాకుండా నర్సు పర్యవేక్షణలో స్వయంగా చేసి నేర్చుకోవాలి. కొన్ని రాష్ట్రాలు ఇంతకంటె ఎక్కువ గంటలే కోరుతాయి.

ఈ చదువులో మానవ శరీర వ్యవస్థలన్నీ వస్తాయి: చర్మం, ఎముకలు, కండరాలు, రక్తప్రసరణ, శ్వాసక్రియ, జీర్ణక్రియ, విసర్జన, నాడీమండలం, వినాళ గ్రంథులు. మనం పాఠశాలలో చదువుకున్న పేర్లే అవి. అయితే ఇక్కడ ప్రతి వ్యవస్థను గురించీ మూడు ప్రశ్నలు వేస్తారు. అది ఏమి చేస్తుంది? వయస్సు మీరినకొద్దీ దానిలో ఏమి మారుతుంది? ఆ మార్పులో ఏది నీ కంటికి, చేతికి, ముక్కుకు తెలుస్తుంది? రోగనిర్ణయం నర్సింగ్ అసిస్టెంటు పని కాదు. తేడాను గమనించడం, గమనించినదానిని వెంటనే నర్సుకు చెప్పడం ఆమె పని.

లోపలి సమస్థితి

ప్రయోగశాలలో ఒక రసాయనిక చర్య సవ్యంగా సాగాలంటే ఉష్ణోగ్రతను, ఆమ్లతను, ద్రావణాల గాఢతను అదుపులో ఉంచడానికి మేము ఎన్నో పరికరాలు అమర్చుకుంటాము. శరీరం ఈ పనిని తనంతట తానే చేసుకుంటుంది. రక్తపు పి.హెచ్. విలువ 7.35, 7.45ల నడుమనే ఉండాలి. అది కొంచెం తప్పితే ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును ఎక్కువగానో తక్కువగానో వదలి నిముషాలలో సర్దుతాయి. మూత్రపిండాలు ఆమ్లాన్ని విసర్జించి గంటలలో, రోజులలో సర్దుతాయి. ఈ నిలకడకు అమెరికన్ శరీరధర్మశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1926లో హోమియోస్టాసిస్ అని పేరు పెట్టారు. తెలుగులో దీనిని సమస్థితి అనవచ్చును.

వార్ధక్యంలో ఈ సమస్థితి ఉంటుంది కాని, దానికి దన్నుగా ఉండే నిల్వలు తగ్గిపోతాయి. కనుక ఒక వ్యవస్థ చెడితే దాని ఆనవాలు మరొకచోట బయటపడవచ్చు. మా నాన్నగారి విషయంలో తప్పు జరిగినది నీటి దగ్గర. అది బయటపడినది మాటలో.

నాడి, ఊపిరి, వేడి, పోటు

మన పల్లెల్లో వైద్యుడంటే నాడి చూసేవాడే. ఆ పనినే నర్సింగ్ అసిస్టెంటు కూడా మొదట నేర్చుకుంటుంది. మణికట్టు వద్ద, బొటనవ్రేలి మొదలుకు దిగువన, చూపుడువ్రేలు, మధ్యవ్రేలు ఆనించి లెక్కించాలి. బొటనవ్రేలితో చూడరాదు; దానిలోనూ నాడి కొట్టుకుంటుంది కనుక మన నాడినే రోగి నాడిగా పొరబడే ప్రమాదమున్నది. విశ్రాంతిలో ఉన్న పెద్దవారికి నిముషానికి 60 నుండి 100 వరకు సాధారణం. ఒక్కొక్క స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున, గుండె నిముషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. నాడి లయ తప్పినట్లు అనిపిస్తే నిముషం పూర్తిగా లెక్కించాలి.

ఊపిరిని లెక్కించడంలో ఒక చమత్కారమున్నది. లెక్కిస్తున్నామని తెలిస్తే మనిషి తెలియకుండానే ఊపిరి తీరు మార్చుకుంటాడు. అందుచేత నాడి చూడడం ముగిసినా వ్రేళ్ళు తీయకుండా, ఇంకా నాడి చూస్తున్నట్లే ఉండి రొమ్ము కదలికను లెక్కపెట్టాలి. నిముషానికి 12 నుండి 20 సాధారణం. ఊపిరి వేగం పెరగడం అనేక వ్యాధులలో ముందుగా కనిపించే సూచన.

రక్తంలోని ప్రాణవాయువును చూపడానికి వ్రేలికి తగిలించే చిన్న పరికరం ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్నది. ప్రాణవాయువుతో కూడిన హిమోగ్లోబిన్ ఎరుపు కాంతిని తక్కువగా, పరారుణ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. ప్రాణవాయువు లేనిది దీనికి విరుద్ధంగా ప్రవర్తిస్తుంది. ఈ వ్యత్యాసమే ఆ పరికరానికి ఆధారం. అయితే చర్మపు రంగు కూడా కాంతిని పీల్చుకుంటుంది. 2020లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, ప్రాణవాయువు నిజంగా తగ్గినప్పటికీ పరికరం పసికట్టకపోవడం తెల్లజాతి రోగులకంటె నల్లజాతి రోగులలో దాదాపు మూడు రెట్లు తరచుగా జరిగింది. చామనచాయ, నలుపు రంగు మేనులు గల మనం దీనిని గుర్తుంచుకోవాలి. అంకె బాగున్నా మనిషి ఆయాసపడుతుంటే, నమ్మవలసినది ఆయాసాన్నే.

ఉష్ణోగ్రత విషయంలో 98.6 అనే అంకె మనందరికీ కంఠస్థం. అది 19వ శతాబ్దంలో జర్మనీ వైద్యుడు వుండర్లిక్ వేలాది రోగులను పరీక్షించి ఇచ్చిన సగటు. వృద్ధులలో సహజంగానే ఉష్ణోగ్రత తక్కువ. సూక్ష్మజీవుల వ్యాధి సోకినా జ్వరం బాగా పెరగకపోవచ్చు. అందుకే నర్సింగ్ హోములలో ఉండే వృద్ధుల విషయంలో, ఎవరి మామూలు ఉష్ణోగ్రత కంటె వారికి 2 డిగ్రీల ఫారన్‌హీట్ పెరిగితే దానిని జ్వరంగా పరిగణించాలని వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నవి. 97.2 నుండి 99.4. నేను రెండవ అంకెను మాత్రమే చూశాను. ఆమెకు రెండూ తెలుసు.

రక్తపోటును కొలిచే పట్టీని 1896లో ఇటలీలో రీవా-రోచి రూపొందించగా, స్టెతస్కోపుతో ధమని చప్పుళ్ళు విని పై అంకెను, క్రింది అంకెను గుర్తించే పద్ధతిని 1905లో రష్యా వైద్యుడు కొరొత్కొవ్ ప్రకటించారు. ఇంట్లోవారికి మరింత అవసరమైన విషయం మరొకటున్నది. పడుకున్న మనిషి లేచి నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. యువకులలో రక్తనాళాలు వెంటనే బిగుసుకుని సర్దుకుంటాయి. వృద్ధులలో అది ఆలస్యమవుతుంది. నిలబడిన 3 నిముషాలలోగా పై అంకె 20 గాని, క్రింది అంకె 10 గాని పడిపోతే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదమున్నది. కనుక ముందు మంచం అంచున కాళ్ళు వ్రేలాడవేసి కొంతసేపు కూర్చోబెట్టి, తరువాతనే నిలబెట్టాలి. చాలా తుంటి ఎముకలను ఈ చిన్న ఓపిక కాపాడగలదు.

చర్మం చెప్పే కబురు

చర్మం మన శరీరంలో అతిపెద్ద అవయవాలలో ఒకటి. మంచం పట్టిన మనిషికి ఎముక, పరుపు రెండింటి నడుమ చర్మం నలుగుతుంది. నడుము అడుగుభాగం, తుంటి, మడమలు ముఖ్యమైన చోట్లు. అక్కడి కేశనాళికలు నొక్కుకుపోయి రక్తం అందక కణాలు చనిపోవడమే పడకపుండు. అందుకే కదలలేనివారిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పడం ఏనాటి నుండో వస్తున్న నియమం.

పాఠ్యపుస్తకాలు చాలాకాలం తొలి సూచనగా చెప్పినది ఎర్రబారడం: వ్రేలితో నొక్కినా తెల్లబడని ఎరుపు. నల్లని మేనిలో ఆ ఎరుపు కనబడదు. అక్కడ చేతితో తడిమి చూడాలి. చుట్టుప్రక్కల కంటె ఆ చోటు వేడిగానో చల్లగానో ఉన్నదా, గట్టిపడినదా, మెత్తబడినదా, తాకితే నొప్పి అంటున్నారా అని పరీక్షించాలి. మన అమ్మమ్మలను, తాతయ్యలను చూసుకునే పరదేశీయులైన సహాయకులకు ఈ సంగతి మనమే చెప్పడం మంచిది.

నీటి పద్దు

మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, దానిలో ఇంచుమించు అంతా తిరిగి రక్తానికే అప్పగించి, లీటరున్నర మాత్రం బయటకు పంపుతాయి. వయస్సు మీరినవారిలో ఒంట్లోని నీటి పాలు తగ్గుతుంది. మూత్రాన్ని చిక్కబరచి నీటిని పొదుపు చేసే శక్తి తగ్గుతుంది. అన్నింటినీ మించి దాహం వేయడమే తగ్గుతుంది. అందుకే నర్సింగ్ అసిస్టెంటు త్రాగినదానిని, విసర్జించినదానిని కొలిచి పద్దు వ్రాస్తుంది. మంచినీళ్ళు, మజ్జిగ, చారు, కాఫీ అన్నీ పద్దులోకి వచ్చేవే. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం ఎంత త్రాగాలో వైద్యుని అడిగే నిర్ణయించుకోవాలి.

ఒక్క రోజులో, ఒక్క పూటలో వచ్చిన తికమక చాదస్తం కాదు. మరపు నెలల మీద, ఏళ్ళ మీద వస్తుంది. హఠాత్తుగా మనుషులను పోల్చుకోలేకపోవడం, పగలంతా మగతగా ఉండడం శరీరంలో ఏదో చెడినదనడానికి గుర్తు. వెంటనే వైద్యునికి చెప్పాలి. మధుమేహానికి మందులు వాడుతున్నవారైతే రక్తంలో చక్కెర పడిపోయిందేమో తక్షణం చూడాలి. మూతి ఒక ప్రక్కకు లాగినా, ఒక చేయి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఆ సమయాన్ని గుర్తు పెట్టుకుని అమెరికాలో ఉన్నవారు 911కు ఫోను చేయాలి.

కండరాలు, ఒక తెలుగు రసాయనశాస్త్రజ్ఞుడు

మంచం మీద కదలకుండా గడిపే ప్రతి రోజూ వృద్ధుల కండరాలు క్షీణిస్తాయి. అందుకే రోగి స్వయంగా కదలలేకపోయినా, నర్సు చెప్పినంత మేరకు కీళ్ళను మెల్లగా వంచి చాపడం నర్సింగ్ అసిస్టెంట్ల పనులలో ఒకటి. కండరం కదలడానికి తక్షణ శక్తినిచ్చే పదార్థం ఏ.టి.పి.; అది ఖర్చయినకొద్దీ తిరిగి నింపే నిల్వ ఫాస్ఫోక్రియాటిన్. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏ.టి.పి.ని 1929లో వెల్లడించిన పరిశోధకుడు, భీమవరంలో 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంగతి మనలో చాలామందికి తెలుసు. వైద్యం చదివి వచ్చిన ఆయన, బోస్టన్‌లో బ్రతుకుతెరువు కోసం ఒక ఆసుపత్రిలో రాత్రివేళ పోర్టరుగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారన్న సంగతి మనం అంతగా తలచుకోము. నాన్నగారి గదిలో ఆ నర్సింగ్ అసిస్టెంటు మూత్రపాత్రను వెలుతురుకు పట్టి చూసి, కొలిచి, వ్రాసుకోవడం కళ్ళారా చూసిన తరువాత, ఆ పనిని నేను మరెన్నడూ చిన్నదిగా తలచలేదు.

మనం అడగవలసిన ప్రశ్న

నాన్నగారు కోలుకుని ఇంటికి వచ్చారు. అంతకుముందు, ఆసుపత్రిలోనే మేము చేసిన మొదటి పని, మరుగుదొడ్డికి తోడు వెళ్ళడానికి ఒక మగ సహాయకుని ఇమ్మని కోరడం. అడగగానే ఇచ్చారు. ఆ చిన్న కోరికను ఆయన నోటితో అడగలేకపోయారు, మేము ఊహించలేకపోయాము.

మన తల్లిదండ్రులలో ఎక్కువమంది మనకు దూరంగానే ఉన్నారు. ఆదివారం ఫోనులో "బాగున్నారా?" అని అడిగితే "బాగానే ఉన్నాం, మీరు జాగ్రత్త" అన్న జవాబే వస్తుంది. దానికి బదులు, ఈవేళ ఎన్ని గ్లాసుల నీళ్ళు త్రాగారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, లేచినప్పుడు కళ్ళు తిరిగాయా అని అడగండి. ఫోనును వారిని కనిపెట్టుకుని ఉన్న మనిషికి ఒక్క నిముషం ఇవ్వమని, "నిన్నటికీ ఈవేళకూ ఏమైనా తేడా కనిపించిందా?" అని అడగండి. ఆ జవాబు చెప్పగలిగినది ప్రక్కన ఉన్నవారు మాత్రమే.