బస్తర్ సీట్లకు జనగణన గండం

బస్తర్ డివిజన్ ముఖ్య పట్టణమైన జగదల్‌పూర్, దాని చుట్టుపక్కల పల్లెలు రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు ప్రాంతంలో ఉన్నాయి. 1996 నాటి 'పెసా' చట్టం ప్రకారం ఈ ప్రాంతంలో పంచాయతీల అధ్యక్ష పదవులన్నీ గిరిజనులకే దక్కాలి. కాని అవే పల్లెల ఓటర్లు శాసనసభకు పంపే సభ్యుడు మాత్రం గిరిజనుడు కానక్కరలేదు. 2003 ఎన్నికల వరకు షెడ్యూల్డు తెగలకు రిజర్వు అయి ఉన్న జగదల్‌పూర్ నియోజకవర్గం 2008 పునర్విభజనలో జనరల్ స్థానంగా మారింది. 2008లోను, 2013లోను సంతోష్ బాఫ్నా, 2018లో రేఖ్‌చంద్ జైన్, 2023లో కిరణ్ సింగ్ దేవ్ అక్కడ గెలుపొందారు. ముగ్గురూ గిరిజనేతరులే.

అమెరికాలో ఇటువంటి మార్పు జరిగితే అది ఏ పార్టీ పని అన్న ప్రశ్న మొదట వస్తుంది. అక్కడ అనేక రాష్ట్రాల్లో నియోజకవర్గాల హద్దులు గీసేది శాసనసభలే. అంటే సభలో మెజారిటీ ఉన్న పార్టీయే. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ ఆమోదించిన ఒక నియోజకవర్గం సాలమాండర్ అనే బల్లి వంటి ప్రాణి ఆకారంలో ఉన్నదని పత్రికలు వెక్కిరించాయి. అప్పటి నుంచి ఈ విద్యకు 'జెర్రీమాండరింగ్' అన్న పేరు స్థిరపడింది. దీనికి విరుగుడుగా ఆరిజోనా ఓటర్లు 2000లో, కాలిఫోర్నియా ఓటర్లు 2008లో స్వతంత్ర కమిషన్లు తెచ్చుకున్నారు. పక్షపాత హద్దులపై తీర్పు చెప్పడం ఫెడరల్ న్యాయస్థానాల పని కాదని 2019లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. 2025లో టెక్సాస్ శాసనసభ రిపబ్లికన్లకు అయిదు స్థానాలు అదనంగా దక్కేలా హద్దులు తిరగరాస్తే, దానికి బదులుగా కాలిఫోర్నియా ఓటర్లు నవంబరులో తమ కమిషన్ పటాన్ని 2030 దాకా పక్కన పెట్టారు.

భారతదేశంలో ఈ బెడద లేదనే చెప్పాలి. 2002 చట్టం కింద ఏర్పడిన పునర్విభజన కమిషన్‌కు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి కుల్దీప్ సింగ్ అధ్యక్షుడు. ఎన్నికల సంఘం ప్రతినిధి, ఆయా రాష్ట్రాల ఎన్నికల కమిషనర్లు సభ్యులు. రాష్ట్రానికి అయిదుగురు చొప్పున ఎం.పి.లు, ఎమ్మెల్యేలు సహసభ్యులుగా కూర్చున్నా వారికి ఓటు హక్కు లేదు. కమిషన్ ఉత్తర్వును శాసనసభగాని, పార్లమెంటుగాని సవరించజాలవు. 329వ అధికరణం దానికి న్యాయస్థానాల నుంచి కూడా రక్షణ కల్పించింది. కమిషన్ ఏ పార్టీకీ కొమ్ము కాయలేదనడానికి బస్తర్ ఫలితాలే సాక్ష్యం. డివిజన్‌లోని 12 స్థానాల్లో 2008లో భారతీయ జనతా పార్టీ 11 గెలిచింది. అవే హద్దులతో 2018లో కాంగ్రెస్ 11 గెలిచింది. పార్టీ కోసం గీసిన గీతలు ఇలా తలకిందులు కావు.

మరి నష్టం ఎక్కడ జరిగినట్లు? గీతలో కాదు, లెక్కలో. ఉమ్మడి మధ్యప్రదేశ్‌లో గిరిజన స్థానాల సంఖ్యను రాష్ట్రం మొత్తానికి కలిపి తేల్చేవారు. ఆ స్థానాలు గిరిజనులు దట్టంగా ఉన్న బస్తర్, సర్గూజా వంటి చోట్ల ఎక్కువగా పడేవి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ విడిపోయినప్పుడు దాని 90 స్థానాల్లో 34 గిరిజనులవి. విడిపోయాక ఎవరి లెక్క వారిదే అయింది. 2001 జనగణనలో ఛత్తీస్‌గఢ్ గిరిజనుల వాటా 31.8 శాతం. 90 స్థానాల్లో ఆ వాటాకు వచ్చేవి 29. అటు మధ్యప్రదేశ్‌లో గిరిజన స్థానాలు 41 నుంచి 47కు పెరిగాయి. అందరికీ ఒకటే సూత్రం, ఎవరి దురుద్దేశమూ లేదు. అయినా అడవి బిడ్డల రాష్ట్రమని చెప్పుకొని ఏర్పడిన రాష్ట్రంలో వారికి అయిదు స్థానాలు తగ్గాయి.

పొరుగున ఉన్న జార్ఖండ్‌లో మరో విచిత్రం జరిగింది. అక్కడా ఇదే సూత్రంతో గిరిజన స్థానాలకు కోత పడనుండగా, పార్లమెంటు 2008లో చట్టాన్ని సవరించి ఆ రాష్ట్రానికి సంబంధించిన కమిషన్ ఉత్తర్వు చెల్లదని ప్రకటించింది. 81లో 28 గిరిజన స్థానాలు అలాగే నిలిచాయి. స్వతంత్ర కమిషన్ తగ్గించబోయిన దానిని రాజకీయ నాయకులు కాపాడారన్నమాట! ఛత్తీస్‌గఢ్‌కు అటువంటి మినహాయింపు లభించలేదు.

ముందున్న లెక్క ఇంకా కఠినమైనది. 2001 నుంచి 2011 వరకు ఛత్తీస్‌గఢ్ జనాభా 22.6 శాతం పెరిగింది. బస్తర్ డివిజన్ జనాభా దాదాపు 26.8 లక్షల నుంచి 30.9 లక్షలకు, అంటే పదిహేను శాతం పైచిలుకు మాత్రమే పెరిగింది. పాత దంతెవాడ జిల్లాలో పెరుగుదల పది శాతం దగ్గరే ఆగింది. రాష్ట్రంలో గిరిజనుల వాటా కూడా 30.6 శాతానికి దిగింది. మొత్తం స్థానాలు 90గానే ఉంటే, 2011 అంకెల ప్రకారం బస్తర్‌కు వచ్చేవి 12 కాదు, 11. రాష్ట్రంలో గిరిజనులకు వచ్చేవి 28. జనాభాను అదుపు చేసుకున్నందుకు సీట్లు పోతాయని దక్షిణాది రాష్ట్రాలు వ్యక్తం చేస్తున్న ఆందోళన ఇటువంటిదే. తేడా ఏమిటంటే, దంతెవాడ అంకె వెనుక కుటుంబ నియంత్రణ ఒక్కటే లేదు.

2005లో మొదలైన సల్వాజుడుంతో దంతెవాడ, బీజాపూర్, కుంట ప్రాంతాల్లో వందలాది గ్రామాలు చెదిరిపోయాయి. కొందరు శిబిరాలకు చేరగా, వేలాది గుత్తికోయ కుటుంబాలు అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లాకు వలస వచ్చాయి. ప్రత్యేక పోలీసు అధికారుల నియామకం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పే నాటికి ఆ ఏటి జనగణన ముగిసింది. పునర్విభజన ముసాయిదాను గెజిట్‌లో ప్రచురించి, బహిరంగ విచారణలో అభ్యంతరాలు వినాలన్నది చట్టం. ఛత్తీస్‌గఢ్ హద్దులు ఖరారైన కాలం సరిగ్గా ఈ పల్లెలు ఖాళీ అవుతున్న కాలం. ఇల్లు వదిలి పరుగెత్తుతున్న మనిషి గెజిట్ చదివి అభ్యంతరం రాస్తాడని ఆశించడం చట్టానికే చెల్లింది.

2001లో చేసిన 84వ రాజ్యాంగ సవరణ, 2026 తరువాతి మొదటి జనగణన దాకా స్థానాల సంఖ్యను స్తంభింపజేసింది. 2027 మార్చి 1 నాటి జనాభాను ప్రాతిపదికగా తీసుకొని జనగణన జరపనున్నట్లు కేంద్ర ప్రభుత్వం 2025 జూన్‌లో నోటిఫై చేసింది. జనగణనలో ఎవరినైనా నివసిస్తున్న చోటనే లెక్కిస్తారు. కనుక భద్రాచలం అడవుల్లో గుడిసెలు వేసుకున్న బస్తర్ కుటుంబాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఖాతాల్లోకి వస్తాయి. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రానికొకటి కావడంతో, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన వీరికి ఇక్కడ ఎస్టీ ధ్రువపత్రం దొరకడమే గగనంగా ఉంది. విడిచి వచ్చిన ఊరి నియోజకవర్గంలో వీరు ఉండరు. చేరిన చోట గిరిజనుల పద్దులో చోటు దక్కుతుందన్న భరోసా లేదు.