తౌబా: కాలడమా, మరలిరావడమా?

అరబీ గ్రంథాలను తెలుగు చేసేవారు 'తౌబా' అన్న పదానికి 'పశ్చాత్తాపం' అని రాయడం పరిపాటి. అంతకంటే చేరువైన మాట దొరకడం కష్టమే. అయితే ఈ సంస్కృత పదంలో ఉన్నది తరువాత కలిగే తాపం. అరబీ ధాతువులో ఉన్నది మరలిరావడం. చేసిన తప్పును తలచుకుని ఏళ్ళ తరబడి కాలుతూనే ఉన్నవాడు సగం దారిలోనే నిలిచిపోయాడన్నమాట.

హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) వృత్తాంతం ఈ భేదాన్ని విశదం చేస్తుంది. ఆయన మదీనా అన్సార్లలో పేరుగన్న కవి. హిజ్రీ 9వ సంవత్సరం (క్రీ.శ. 630)లో దైవప్రవక్త (స) తబూక్ ప్రయాణానికి పిలుపునిచ్చినప్పుడు మండుటెండలు, తోటల్లో పళ్ళు పక్వానికి వచ్చిన రోజులు. రేపు బయలుదేరుదామనుకుంటూనే కఅబ్ ఇంటిపట్టున ఉండిపోయారు.

ప్రవక్త (స) తిరిగివచ్చాక, వెళ్ళనివారు ఎనభై మందికి పైగా వచ్చి ప్రమాణాలు చేసి సాకులు చెప్పుకున్నారు. కఅబ్ మాత్రం తనకే సాకూ లేదన్నారు. ఆయనతోనూ, అదే నిజం ఒప్పుకున్న మరి ఇద్దరితోనూ ఎవరూ మాట్లాడరాదని ఆజ్ఞ అయింది. బజారులో తిరిగినా పలకరించే నాథుడు లేడు. గస్సాన్ రాజు ఆదరిస్తానని లేఖ పంపితే ఆయన దాన్ని పొయ్యిలో వేశారు. నలభయ్యవ రోజున భార్యకూ దూరంగా ఉండమన్నారు. యాభయ్యవ నాటి ఉదయం క్షమాపణ వార్త వచ్చింది.

ఆ సందర్భంలో అవతరించిన 'అత్తౌబా' 118వ వాక్యంలో క్రియల వరుస గమనార్హం. ముందు అల్లాహ్ వారివైపు మరలాడు, వారు మరలిరావడానికి. ఇద్దరికీ అదే ధాతువు. అనువాదంలో ఒకచోట 'క్షమించాడు' అనీ, మరొకచోట 'పశ్చాత్తాపపడ్డారు' అనీ రాస్తే ఈ పోలిక మాయమైపోతుంది.

తన్ను తాను క్షమించుకోవడమన్న మాట ఖుర్ఆన్‌లో లేదు. తనకు తాను అన్యాయం చేసుకోవడమన్నది ఉంది. పాపాలను క్షమించే అధికారం అల్లాహ్‌దే. దాసుడు చేయవలసిందల్లా ఆ క్షమను స్వీకరించడం. అది చెప్పినంత తేలిక కాదు. క్షమాపణ అందాక కూడా కఅబ్ తన ఆస్తినంతా దానం చేస్తానన్నారు. కొంత ఉంచుకోవడమే మేలని ప్రవక్త (స) అన్నారు. ఆయన ఖైబర్‌లోని తన వాటాను ఉంచుకున్నారు.

వృద్ధాప్యంలో చూపు పోయాక ఆయనే ఈ కథను, తన చేయి పట్టుకుని నడిపించే కుమారుడు అబ్దుల్లాహ్‌కు మొదటినుంచి చెప్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది ఆ కథనమే. ప్రయాణపు వేళ తన దగ్గర రెండు వాహనాలున్న సంగతి కూడా ఆయన అందులో దాచలేదు.